బొగ్గు బస్సు పంచాయితీ

మా మనుమలు నన్ను ఆట పట్టియ్యాలని అడుగుతుంటరు, "తాతా, నువ్వు మొట్టమొదట ఓటు ఎక్కడ ఏసినవ్?" అని. "ఎల్లారెడ్డి తొవ్వల, చడావు నడుమ" అంట. "ఎవలకు ఏసినవ్?" అంటరు. "సీతాఫలాల బుట్టలకు" అంట. ముసలాయనకు మతి చెడ్డదని ఒకని మీద ఒకడు పడి నవ్వుతరు. నవ్వనియ్యుండ్రి. మొన్న ఓట్లనాడు జరంత సేపు ఎండల నిలబడ్డందుకే మూతులు ముడుసుకొని ఇంటికొచ్చింది గీ మొనగాండ్లే. వాళ్లసొంటోళ్ల కోసమే ఈ ముచ్చట రాస్తున్న.

నేను బస్సు కండక్టర్ను. ఇప్పటి కండక్టర్లను చూసి నన్ను అంచనా కట్టకుండ్రి. మా కాలంల కండక్టరంటే టికెట్లు ఇచ్చేటోడు, మూటలు ఎక్కిచ్చేటోడు, మేకపిల్లలను పట్టుకునేటోడు, పొయ్యి రాజేసేటోడు. అవును, పొయ్యే. అప్పుడు జర్మన్ లడాయి నడుస్తున్నది. పెట్రోలంత ఫౌజుకు పోయింది, మాకు బొగ్గు మిగిలింది. బస్సు ఎన్కకు మనిషంత ఎత్తు ఇనుప పీపా ఒకటి బిగిచ్చిండ్రు. అండ్ల బొగ్గులు పోసి రాజేస్తే వచ్చే గ్యాసుతోని ఇంజన్ నడవాలె. పొద్దుగాల్నే లేచి పీపకున్న పంకా తిప్పీ తిప్పీ నా భుజాలు పడిపోయినంక బస్సు ఒక్క దగ్గు దగ్గుతుండె. ఆ దగ్గు ఇంటే నాకు కొడుకు పుట్టినంత సంబరం.

బస్సు కామారెడ్డిల ఒక సేటుది. పొద్దుగాల ఎల్లారెడ్డిల బయలెల్లి, రైలు వచ్చే ఏళకు కామారెడ్డి టేషనుకు చేరాలె. మాపటికి మళ్ల ఎల్లారెడ్డి. నడిపేటాయన మా ఉస్తాద్. లావుపాటి తురకాయన, నవ్వితే కడుపంత ఊగేది. మనుషులను "అరే" అనేటోడు గని ఇంజన్ను మాత్రం "బేగం సాహెబా, మీరు జర దయ చూపెట్టుండ్రి" అని బతిమిలాడేటోడు. ఆయనతాన నాకు నచ్చిన గుణం ఒకటుండె. బండి కదిలిచ్చే ముంగట ఎన్కకు తిరిగి, "అందరు ఎక్కిండ్రా? ఎవలన్న బాకీ ఉన్నరా?" అని తప్పకుంట అడిగేటోడు. దొర కూసున్నా అడిగేటోడు, ఒక్క ముసలవ్వనే కూసున్నా అడిగేటోడు.

తొవ్వ నడుమల ఒక పెద్ద చడావు ఉన్నది. రెండు దిక్కుల గుట్టలు, గుట్టల నిండ సీతాఫలం చెట్లు. పెట్రోలు నాడు బస్సు దాన్ని గుర్తు గూడ పట్టకపోయేది. బొగ్గు వచ్చినంక కింద ఉరికొచ్చి, సగం ఎక్కి, ఊపిరి ఆగినట్టు నిలబడుతుండె. ఇగ జనం దిగి తొయ్యాలె. బస్సుల ఉండేది ఎవలు? ముసలోళ్లు, సంకల పిల్లలున్న తల్లులు. ఆళ్లు తోస్తే ఆ ఇనుము కదులుతదా? కదిలిచ్చేటోళ్లు చడావు కింద తండ లంబాడోళ్లు. బస్సు ఆగిన సప్పుడు ఇని ఆడ మగ అందరు ఉరికొచ్చి, "హో" అని ఒక్క కూత పెట్టి పైదాక తోసేటోళ్లు. పైన నేను పీపల బూడిద కెలికి, కొత్త బొగ్గు పోసి, ఇంజన్ సల్లబడేదాక ఆగి, మళ్ల బయలెల్లేటోళ్లం. తోసినోళ్లు చెమట తుడుసుకుంట మమ్ముల సాగనంపేటోళ్లు.

సాగనంపుడే. ఎక్కిచ్చుకునుడు లేదు.

ఎందుకు లేదంటరా? తండ ఉన్న జాగ ఒక దొరది. సీతాఫలాల కాలం వస్తే దొర గుమాస్త తండ మొగదల తక్కెడ పట్టుకొని కూసునేటోడు. ఆయన చెప్పిందే ధర. ఆయన వద్దన్న పండు మేకలకు. సీతాఫలం సంగతి మీకు తెల్సు, ఇయ్యాల కన్ను తెరిస్తె రేపటికి మెత్తగైతది. నెత్తి మీద మోసుకొని కామారెడ్డి దాక నడిస్తే పోయేటాళ్లకు పండుండదు, గుజ్జు ఉంటది. బస్సెక్కితే రైలు ఏళకు టేషను కాడ అమ్ముకోవచ్చు. పట్నం పోయేటోళ్లు ఎగబడి కొనుక్కుంటరు. ఆ పండ్ల మీదనే తండకు ఏడాది జొన్నలు. అందుకే దొర మా సేటుకు చెప్పి పంపిండు, తండకాడ ఎవలను ఎక్కిచ్చుకోవద్దని. సేటు మాకు చెప్పిండు. అప్పటి రోజులల్ల దొర మాటంటే ఇగ దాని మీద మాట లేదు.

తండల ఒక పెద్ద మనిషి ఉండె. ఆడమనిషే గని తండకంత పెద్ద. ఆళ్ల మాటల అమ్మను యాడి అంటరు, మేమంత గూడ ఆమెను యాడి అనే పిలిచేటోళ్లం. చుట్ట తాగేది, గుట్టలు మారుమోగెటట్టు నవ్వేది. బస్సు తోసేటప్పుడు నా ఎన్కనే నిలబడి, "ఓ టికెట్టాయనా, నీ రెక్కలల్ల బలం లేదు, బువ్వ తింటున్నవా బూడిద తింటున్నవా?" అని సతాయిచ్చేది. తోసినంక ప్రతిసారి ఉస్తాద్ను అడిగేది, "డ్రైవరన్నా, ఇయ్యాలనన్న మా బుట్టలు ఎక్కిచ్చుకుంటవా?" అని. ఉస్తాద్ తల కిందికి ఏసుకునేటోడు. నేను పీప మూత బిగిస్తున్నట్టు నటిచ్చేటోణ్ణి.

ఇగ ఆ రోజు ముచ్చట చెప్తా.

బతుకమ్మ పండుగ దగ్గర పడ్డది. బస్సు కిక్కిరిసి ఉన్నది. ముంగట సీట్ల, ఉస్తాద్ పక్కపొంటి, దొర గుమాస్త తెల్లటి దుప్పటి పరిపిచ్చుకొని కూసున్నడు. ఆయన ఎన్క ఆయన మనుషులిద్దరు. మిగిలింది రైతులు, కూలోళ్లు, పుట్టింటికి పోయే ఆడబిడ్డలు. ఒక మూలకు పెద్ద చీరెల మూటను ఒళ్లె పెట్టుకొని ఒక నేతాయన. పట్నంల యాపారికి చీరెలు ఇచ్చి రావాలె, రైలు తప్పుతే పండుగ బేరం పోతదని ఎల్లారెడ్డి నుంచి పదిసార్లు అన్నడు.

ఎప్పటిలెక్కనే బస్సు సగం చడావు ఎక్కి దగ్గింది, వణికింది, ఆగింది. ఎప్పటిలెక్కనే తండోళ్లు వచ్చిండ్రు. గని ఆ పొద్దు ఉరికి రాలే, నడుసుకుంట వచ్చిండ్రు. ఆడోళ్ల నెత్తుల మీద బుట్టలు. తొవ్వ పక్కపొంటి బుట్టలు దించి, ఆటి పక్కన కూసున్నరు. యాడి చుట్ట ముట్టిచ్చింది.

"ఏంది యాడీ, కూసున్నరు?" అన్న నేను.

"కాళ్లు గుంజుతున్నయ్."

"జర తొయ్యుండ్రి, రైలు ఏళ అయితున్నది."

"ఇయ్యాల తొయ్యం బిడ్డా. రైలు మీది, బస్సు మీది, పట్నం మీది. మాది ఒక్క తోసుడే ఉండె, అది గూడ ఇయ్యాల ఇంటికాడ మర్చిపోయి వచ్చినం" అన్నది. అని నవ్వింది సూడు, బస్సుల ఆడోళ్లకు గూడ నవ్వాగలే.

గుమాస్త దిగిండు. "దొరకు తెలుస్తే తండ పీకిస్తడు" అని లేచిండు. యాడి పొగ ఇడిసి, "పీకియ్యి సారూ. పీకేటోళ్లను తోలుకొని రావాల్నంటే నీ బస్సు ముందుగాల ఈ గడ్డ ఎక్కాలె గద" అన్నది. గుమాస్త ఉస్తాద్ దిక్కు తిరిగి, "ఏం చూస్తున్నవ్, బస్సుల ఉన్నోళ్లను దింపి తోపియ్యి" అన్నడు.

తోపిచ్చి చూసినం. నేను, ఇంక కొందరు మొగోళ్లు, పళ్లు బిగబట్టి తోసినం. బస్సు కదల్లే. కదలకపోగా జరంత ఎన్కకు వచ్చింది. చక్రాల కింద రాళ్లు పెట్టి ఒగుర్చుకుంట లోపలికి వచ్చి కూసున్నం.

అప్పుడు ఉస్తాద్ బస్సు మెట్టు మీద నిలబడ్డడు. ఆయనకు ఆ పొద్దు ఏం బుద్ధి పుట్టిందో నాకు ఇప్పటికీ తెల్వదు. బస్సుల ఉన్నోళ్లు, తొవ్వ మీద ఉన్నోళ్లు అందరు ఇనెటట్టు గట్టిగ అన్నడు, "చూడుండ్రి భాయ్. సేటు హుకుం ఒకటున్నది, తండోళ్లను ఎక్కిచ్చుకోవద్దని. హుకుం తప్పుతే పోయేది నా నౌకరి, మీది కాదు. గని పయనం మీ అందరిది. తండోళ్లను ఎక్కిచ్చుకుందమా వద్దా, మీరు చెప్పుండ్రి. ఎక్కువ మంది ఎటంటే నేను అటు. ఎక్కిచ్చుకుందం అనేటోళ్లు చేతులు ఎత్తుండ్రి."

ఒక్క చెయ్యి లేవలే.

గుమాస్త మళ్ల తన సీట్ల కూసొని మీసం దువ్వుకుంట, "అయిపోయింది గద నీ పంచాయితీ. ఒక్కడు గూడ లేడు" అన్నడు. ఉస్తాద్ మొహం మాడిపోయింది. యాడి బస్సు దిక్కు చూస్తున్నది. ఆ చూపు నేను ఓర్వలేకపోయిన. ఎక్కిచ్చుకోవాల్నని నా మనసుల నిండ ఉన్నది. మరి నా చెయ్యి ఎందుకు లేవలే? చూసుకుంటే రెండు చేతులు తొడల కింద పెట్టుకొని కూసున్న! పక్కాయన దిక్కు చూసిన. ఆయన గూడ గంతే, చేతులు సంకలల్ల దాసుకున్నడు. అప్పుడు ఎలిగింది నాకు.

"ఉస్తాద్! చేతులు ఎత్తమంటే ఎవలు ఎత్తుతరు? నువ్వు కామారెడ్డిల పుట్టినోనివి, నీకు తెల్వదు. మా ఊర్లల్ల దొర గడి మనిషొచ్చి చేతులు ఎత్తుండ్రి అన్నడంటే వెట్టికి మనుషులను ఏరుకుంటున్నట్టు. లేసిన చెయ్యి పట్టుకొని గుంజుకపోతరు. మా బాపు నాకు మాటలు రాకముందే నేర్పిండు, ఎవడు అడిగినా చెయ్యి ఎత్తకురా అని!"

బస్సుల ఉన్నోళ్లంత "అవ్ అవ్" అని తలలు ఊపిండ్రు. ఒక ఆడబిడ్డ, "మేం గదే అనుకున్నం, బొగ్గు మూటలు మోయిస్తవేమో అని" అన్నది. ఉస్తాద్ కడుపు ఊగుడు షురూ అయింది. నవ్వీ నవ్వీ కండ్లు తుడుసుకొని, "యా అల్లా, ఓటు అడుగుతే వెట్టి అనుకున్నరు. సరే, చేతులు ఎత్తకుండ్రి. ఎక్కిచ్చుకుందం అనేటోళ్లు బస్సు దిగి ఎడమ దిక్కు నిలబడుండ్రి. వద్దు అనేటోళ్లు కూసోనే ఉండుండ్రి. దిగేటోనికి భయం లేదు, కూసునేటోనికి భయం లేదు" అన్నడు.

"మరి నువ్వు ఎటు ఉస్తాద్?" అన్నడు ఒక రైతు.

"నేను ఆఖరుకు చెప్తా. నేను ముందు చెప్తే మీరు నా మొహం చూసి దిగుతరు. నా మొహం చూడకుండ్రి, మీ కడుపుల ఏమున్నదో చూసుకోండ్రి."

అగో, ఆ మాట నాకు ఇప్పటిదాక మతికున్నది. ఆ తర్వాత ఎంతమంది పెద్దలను చూసిన, మైకుల ముంగట ఎంత మంది గొంతులు చింపుకున్నా, "నేను ఆఖరుకు చెప్తా" అన్నోన్ని మళ్ల చూడలే.

మొదలు నేనే దిగిన. మొదలంటే ధైర్యమని కాదు, నా సీటు తలుపు కాడనే ఉండె. నా ఎన్క ఆ ఆడబిడ్డ దిగింది. ఇగ తూముల నీళ్లు ఇడిసినట్టే, ఒకరి ఎన్క ఒకరు. రైతులు, కూలోళ్లు, ముసలవ్వలు. చడావు మీద నిలబడ రాక ఒకరి భుజం ఒకరు పట్టుకున్నరు. లోపట మిగిలింది గుమాస్త, ఆయన మనుషులిద్దరు, ఇంకొకడు. ఎవడా అని చూస్తే మూట ఒళ్లె పెట్టుకున్న నేతాయన.

జనానికి కోపం వచ్చింది. "ఏందయ్యా, నువ్వు దొర మనిషివా?" "నీ చీరెలు పాడుగాను, దిగు!" అని ఒర్రిండ్రు. ఇంతసేపు చేతులు దాసుకున్నోళ్లే, ఇప్పుడు వేళ్లు సూపెడుతున్నరు. ఒకడైతే మూట గుంజేటందుకు లోపలికి ఉరికిండు. ఉస్తాద్ అడ్డం నిలబడ్డడు. "కూసునేటోనికి భయం లేదని నేను మాట ఇచ్చిన. మీరు ఎక్కువున్నరు, ఆయన ఒక్కడున్నడు. ఎక్కువున్నోళ్ల మాట నడుస్తది. గని ఒక్కడున్నోని మాట ఇనాలె గద? చెప్పు పెద్దాయనా, ఎందుకు వద్దంటవ్?"

నేతాయన మూటను దగ్గరికి గుంజుకున్నడు. "నాకు తండోళ్ల మీద పగ లేదు. నేను వద్దంటున్నది ఎక్కుడును కాదు, ఆగుడును. వీళ్ల కోసం రోజు చడావు కింద బస్సు ఆపుతే మళ్ల ఊపు అందుకోదు. ఇయ్యాల సగం ఎక్కింది, రేపు అదంత గూడ ఎక్కది. రైలు రోజు తప్పుతది. ఆపుడైతే మీదికి ఎక్కినంక ఆపుండ్రి. అక్కడ ఎట్లన్న ఆగుతనే ఉన్నరు గద, ఈ టికెట్టాయన బూడిద కెలికి బీడి తాగేదాక. అప్పుడు ఎక్కిచ్చుకుంటే ఏం పోతది?"

ఇది ఇన్న తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నం. ఇన్నేండ్లు పైన ఆగింది మేమే, ఎక్కిచ్చుకోవాల్నా వద్దా అని కొట్లాడుకుంటున్నది మేమే! ఉస్తాద్ నెత్తి కొట్టుకున్నడు. నా బీడి సంగతి బయటపడ్డందుకు నాకు సిగ్గయింది గని నవ్వు ఆగలే.

"ఏమంటవ్ యాడీ? బుట్టలు పైదాక మోసుకొస్తరా?" అన్నడు ఉస్తాద్.

యాడి లేచి నడుం మీద చేతులు పెట్టుకున్నది. "గింత బస్సునే పైదాక ఎక్కిచ్చేటోళ్లం, గింత బుట్టను ఎక్కియ్యమా? గని మోసుడెందుకు? మనుషులంత దిగే ఉండ్రి, సీట్లు ఖాళీనే ఉన్నయ్. బుట్టలను బస్సుల పెట్టుండ్రి. అందరం కలిసి తోద్దం."

ఇనంగనే నేతాయన మూట ఒళ్లె నుంచి దించి తనంత తానే దిగిండు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. ఇందాక మూట గుంజ ఉరికినోడే ఆయన చెయ్యి పట్టి దింపిండు.

గప్పుడే వచ్చిండు, అమీన్ సాబ్. పోలీసు అమీనంటే మీకు తెల్వదు, ఆ కాలంల ఆయన టోపీ కనపడితే చంటిపిల్ల ఏడుపు ఆపేది. గుర్రానికి నాడా ఊడింది, కుంటుతున్న గుర్రాన్ని నడిపిచ్చుకుంట ఆయన గూడ కుంటుతున్నడు. తొవ్వ మీద ఇంత జనం రెండు దిక్కుల నిలబడి చప్పట్లు కొట్టుడు చూసిండు.

"ఏం జల్సా, ఏం మీటింగు ఇది? ఇజాజతు ఉన్నదా?"

ఆ రోజులల్ల సర్కారు ఇజాజతు లేకుంట పదిమంది కూడి మాట్లాడుడు నేరం. నా పానం పోయింది. గుమాస్త కిటికీలకెల్లి తల బయట పెట్టి, "చూడుండ్రి సాబ్, మీటింగు పెట్టిండ్రు, బాజాప్తా ఓట్లు గూడ ఏసుకున్నరు!" అన్నడు.

ఉస్తాద్ సలాం కొట్టిండు. "హుజూర్, మీటింగు కాదు, బస్సు ఆగింది. తొయ్యాల్నంటే జనం కూడాలె గద?"

"మరి తొయ్యకుంట నిలబడ్డరేంది?"

"ఎవలు తొయ్యాల్నో మాట్లాడుకుంటున్నరు హుజూర్. ఇప్పుడే తేలింది."

అమీన్ సాబ్ గుర్రం దిక్కు చూసిండు. చడావు దిక్కు చూసిండు. ఆయనకు గూడ కామారెడ్డి రైలు అందుకునేది ఉండె, పట్నంల పెద్ద సాబు పిలిచిండట. గొంతు సవరిచ్చుకొని, "నేను అటు తిరిగి బీడి ముట్టిచ్చుకుంట. ఇటు తిరిగేవరకు బండి కదలాలె. మీటింగు గీటింగు నేను చూడలే" అన్నడు. తిరగబోయి మళ్ల ఆగి, "అందరు బయట ఉంటే లోపట ఎవడు వాడు, నవాబు లెక్క?" అన్నడు.

"దొరగారి గుమాస్త, హుజూర్."

"బరువు గాదా? దిగమను!"

ఇగ ఆ సంబరం ఎట్ల చెప్పాలె మీకు! తెల్లటి దుప్పటి మీద సీతాఫలాల బుట్టలు కూసున్నయ్. గుమాస్త తన మనుషులిద్దరితోని దిగి, గోసి ఎక్కదోపి బస్సు ఎన్క నిలబడ్డడు. ఆయనకు ఒక దిక్కు నేను, ఇంకో దిక్కు యాడి. "సారూ, రెక్కలల్ల బలం లేదు, బువ్వ తింటున్నవా బూడిద తింటున్నవా?" అని నన్ననే మాట ఆయన్ను అన్నది. నా కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విన. "హో" అన్నరు తండోళ్లు. మేం గూడ "హో" అన్నం. అమీన్ సాబ్ అటు తిరిగే "హో" అన్నడని ఇప్పటికీ నా అనుమానం. బస్సు కదిలింది. ఎన్నడు ఎక్కనంత జల్ది ఎక్కింది. పైకి ఎక్కినంక ఉస్తాద్ చేతులు దులుపుకొని, "అందరు అడిగిండ్రు గద నేను ఎటని. నేను మొదటి నుంచి దిగినోళ్ల దిక్కే" అన్నడు. బుట్టలోళ్లకు టికెట్లు కోసేటప్పుడు రెండుసార్లు లెక్క తప్పిన. సంతోషంతోనే.

కామారెడ్డి పోయినంక గుమాస్త దిగుడు దిగుడే సేటు దుకాణానికి ఉరికిండు. ఉస్తాద్ నౌకరి ఇగ పోయినట్టే అనుకొని నేను ఎన్కనే పోయిన. సేటు పిలిపిస్తే ఉస్తాద్ చేతులు కట్టుకొని, "హుకుం తప్పింది నేను. వాళ్ల తప్పు లేదు, కండక్టర్ తప్పు లేదు" అన్నడు. సేటుకు ఉస్తాద్ మీద ప్రేమనే, గని దొరంటే భయం. గద్దె మీద అటు ఇటు మెసులుతున్నడు. గంతల దుకాణం ముంగట సప్పుడైంది. చూస్తే బస్సుల వచ్చినోళ్లే, ఎవల ఇంటికి వాళ్లు పోకుంట అందరు అక్కడనే నిలబడ్డరు. అందరికంటె ముంగట చీరెల మూటతోని నేతాయన! ఫౌజు బండ్లు పోతున్నయని రైలు ఆలస్యమట.

"సేటూ, వద్దని కూసున్నది నేను. అయినా నా మాట ఇన్నరు. డ్రైవర్ను తీస్తే నేను నీ బస్సు ఎక్క" అన్నడు నేతాయన. ఎనుక నుంచి "మేం గూడ" అన్నరు.

సేటు గడ్డం గోక్కున్నడు. కొంచెం సేపటికి ఆయన మొహం తేటపడ్డది. "దొరకు నేను చెప్పుకుంట. బొగ్గు బండి, పైన ఊపిరి తీసుకునేటందుకు ఆగాలె. ఆగినప్పుడు ఎవలు ఎక్కుతున్నరో దుకాణంల కూసున్న నాకెట్ల తెలుస్తది?" అన్నడు.

చూసిండ్రా? అమీన్ సాబు అటు తిరిగిండు, సేటు దుకాణంల కూసున్నడు. ఆ కాలంల మంచిపని చేసేటోళ్లల్ల సగం మంది చూడనట్టే చేసిండ్రు. నేను వాళ్లను తప్పు పట్ట. గని తలుపు తీసుకొని దిగినోళ్ల లెక్క వేరే, అది మీరు గుర్తు పెట్టుకోవాలె. ఆ దిగినోళ్లను చూసినంకనే వీళ్లకు అటు తిరిగే ధైర్యం వచ్చింది.

ఆ ఏడు సీతాఫలాలు టేషను కాడనే అమ్ముడుపోయినయ్. గుమాస్త తక్కెడ తండ మొగదల ఎండకు ఎండింది. దొర కోపానికి వచ్చిండు గని ఏం చెయ్యాలె? బస్సాపుతే ఆయన మనుషులే నడవాలె. యాడి జొన్నలు కొనుక్కున్నది, బస్సుల తనకంటూ ఒక సీటు కాయం చేసుకున్నది, నన్ను సతాయిచ్చుడు మాత్రం బందు పెట్టలే.

మరుసటేడు మళ్ల అదే కాలం. బస్సు నిండ జనం, బుట్టలు. చడావు దాటి కొంత దూరం పోయినంక, తొవ్వకు కంకర కొట్టేటందుకు కొత్తగ వచ్చిన వడ్డెరోళ్ల గుడిసెలు కనపడ్డయ్. వాళ్లల్ల ఒకామె తొవ్వ మీదికొచ్చి చెయ్యి అడ్డం పెట్టింది. సంకల పిల్ల ఉన్నది, జరంతోని కాగుతున్నదట, కామారెడ్డి దవాఖానకు పోవాల్నట. ఉస్తాద్ బస్సు నిదానం చేసి ఎన్కకు తిరిగిండు. అడుగుదామని ఆయన నోరు తెరిచేలోపల్నే ఒక గొంతు ఒర్రింది.

"ఆపకు ఆపకు! ఎక్కడివాళ్లనక్కడ ఎక్కిచ్చుకుంటే ఎట్ల? జాగ యాడున్నది? నా పండ్లు పగులుతయ్!"

ఎవలనుకున్నరు? యాడి!

బస్సుల ఉన్నోళ్లంత ఆమె దిక్కు తిరిగిండ్రు. ఉస్తాద్ అద్దంల ఆమెను చూసుకుంట, మెల్లగ అడిగిండు, "ఏంది యాడీ, గిట్లంటవ్? నిరుడు చడావు కాడ ఏమన్నవ్ మరి?"

యాడి చుట్ట నోట్లకెల్లి తీసింది. ఆమెసొంటి మనిషికి అబద్ధం రాదు.

"నిరుడు నేను బయట ఉంటి గద అన్నా" అన్నది.

ముందుగాల నవ్వింది ఆమెనే. గుట్టలు మారుమోగెటట్టు, కండ్లల్ల నీళ్లొచ్చెటట్టు నవ్వింది. తర్వాత మేమంత నవ్వినం. నవ్వుకుంటనే లేచి, బుట్టను సీటు మీదికెల్లి దించి ఒళ్లె పెట్టుకున్నది. కిటికీలకెల్లి చెయ్యి బయటికి చాపి, "రా బిడ్డా, ఏం చూస్తవ్, పిల్లను ముందుగాల నాకియ్యి" అన్నది.